సూరమ్మ ఆంటీ చేతులు

ఇందాక మధ్యాహ్నం ఉరిమిన ఉరుముకి ఇంట్లో మెయిన్ స్విచ్చి టక్కున పడిపోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. ఫ్రిజ్ గొణుగుడు మానేసింది. కిటికీ సందులోంచి తడిసిన సిమెంటు వాసన వచ్చి గదంతా నిండింది. సింగపూర్‌లో మేముండే సెంగ్‌కాంగ్‌లో ఇలాంటి వాన కొత్తేమీ కాదు, కొన్ని నెలల్లో రోజు విడిచి రోజు ఇదే తంతు. బోర్డు దగ్గరికి వెళ్లి స్విచ్చి పైకి లేపాను. టీవీ బల్ల కింద ఉన్న నల్లపెట్టె ఒక్క కూత కూసి, దీపాలు ఒకటొకటిగా వెలిగించుకోసాగింది. ఆ కూత వినగానే నేను చెప్పకుండానే నా చేతులు రెండూ తొడల కిందికి వెళ్లిపోయాయి. అలా చేతుల మీద కూర్చుని, బడిలో శిక్ష పడిన పిల్లలా, పెట్టె దీపాలకేసి చూస్తూ ఉండిపోయాను.

"అగైన్ ఆ, మా? సిట్టింగ్ ఆన్ యువర్ హ్యాండ్స్?" అంది మా అమ్మాయి అమ్ము తన గది గుమ్మంలో నిలబడి. పాలిటెక్నిక్‌లో చేరినప్పటి నుంచి దానికి నేను చేసే ప్రతి పనీ వింతగానే ఉంటోంది. ఆ పెట్టె లేచి నిలబడేదాకా నా నోట మాట రాదు. అది ఇంటర్నెట్ లైనుకీ మా ఇంట్లోని ఫోన్లకీ మధ్య కాపలా ఉండే రౌటరు, ఫైర్‌వాల్ అంటారు. లోపలికి ఎవరు రావాలి, బయటికి ఎవరు వెళ్లాలి అన్నది అదే తేలుస్తుంది. చేతుల మీద కూర్చునే అలవాటు మాత్రం నాది కాదు, సూరమ్మ ఆంటీది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడ గురించి ఎవరికైనా చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఉరుము ఉరిమితే గానీ కుదరలేదు.

జురాంగ్ ఈస్ట్‌లో ఒక చిన్న ఆఫీసు. క్లినిక్కులకీ, ట్యూషన్ సెంటర్లకీ, ఇళ్లకీ ఇంటర్నెట్ పెట్టెలు అమర్చడం, అవి మొరాయిస్తే వెళ్లి బాగుచేయడం మా పని. పెళ్లయి సింగపూర్ వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది, సూరమ్మ ఆంటీ అక్కడ నా బాసు. ఆఫీసులో అందరూ మేడం అనేవాళ్లు. నేను తెలుగుదాన్నని తెలిసిన మొదటిరోజే "మేడమేటి వాణమ్మా, ఆంటీ అను" అని తేల్చేసింది. ఆవిడ పుట్టింది మలేసియాలో, కొబ్బరితోటల ఎస్టేటులో. తాతలు విశాఖపట్నం వైపు నుంచి వెళ్లినవాళ్లు. ఆ ఊళ్లు ఆవిడ ఎన్నడూ చూడలేదు గానీ ఆ యాస మాత్రం చెక్కుచెదరలేదు, అందులో తమిళమూ మలయ్ మాటలూ వచ్చి కలిశాయి. తిండిని మకాన్ అనేది, భయాన్ని తకుత్ అనేది. కాకినాడలో పెరిగిన నాకు మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. పొట్టిగా, బొద్దుగా, చీర మీద మగవాళ్ల చొక్కాలాంటి యూనిఫాం తొడుక్కుని, మెడలో తాళిబొట్టుతోపాటు ఆఫీసు కార్డూ వేలాడుతూ, ఆవిడ నడిచొస్తుంటే క్లినిక్కులో డాక్టర్లు కూడా లేచి దారి ఇచ్చేవాళ్లు.

నేను పుట్టుపిరికిదాన్ని. ఇందులో దాచడానికేమీ లేదు. ఉద్యోగం పోతుందని భయం, ఇక్కడ పనిచేయనిచ్చే పాసు రెన్యూ చేయరని భయం, నాకు పని రాదని ఎవరో ఒకరు కనిపెట్టేస్తారని భయం. ఒకరోజు బుకిట్ బటోక్‌లో ఒక ట్యూషన్ సెంటరులో ఇంటర్నెట్ ఆగిపోయింది. నేనూ ఆంటీ వెళ్లాం. పరీక్షల రోజులు. పిల్లల తల్లులు వరండాలో నిలబడి మా ఇద్దరికేసీ గుర్రుగా చూస్తున్నారు. ఆ చూపులకి నాకు కాలూ చెయ్యీ ఆడలేదు అనాలి గానీ, నిజానికి చెయ్యి మరీ ఎక్కువ ఆడింది. ఒక వైరు పీకాను, ఇంకోటి పెట్టాను, పెట్టె ఆర్పి వెలిగించాను, సెట్టింగులు తెరిచి రెండు మూడు మార్చాను. ఆంటీ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి పక్కన ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టేసింది.

"సేతులు కిందెట్టుకుని కూకో" అంది.

"ఆంటీ?"

"తొడల కింద. అదిగో, అలాగ. ఇప్పుడు సెప్పు. ఏటి పన్జేస్తంది?"

"ఇంటర్నెట్ రావట్లేదు ఆంటీ."

"ఏటి పన్జెయ్యట్లేదో ఊరంతా సెప్తారు. పన్జేస్తన్నదేటో సెప్పు."

అంతమంది ముందు చేతుల మీద కూర్చుని, సిగ్గుతో చచ్చిపోతూ, కంటికి కనిపించినవి చెప్పడం మొదలుపెట్టాను. కరెంటు ఉంది. గోడ దగ్గర దీపం వెలుగుతోంది, అంటే లైను ఉంది. ఈ కంప్యూటరు నుంచి పెట్టెకి మాట అందుతోంది. అలా ఒక్కొక్కటీ చెబుతూ పోతే ఎక్కడ మాట తడబడిందో అక్కడే తప్పుంది. తీరా చూస్తే అది నేను కంగారులో వదులుగా పెట్టిన వైరే. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. దాన్ని గట్టిగా నొక్కి, తల్లుల వైపు తిరిగి, "సుడా, అయిపోనాది" అంది. తిరిగొస్తూ లిఫ్టులో మాత్రం నాతో ఒక మాట అంది. "తకుత్ బుర్రలో ఉన్నంతసేపు పర్లేదమ్మా. సేతుల్లోకి దిగిందంటే కొంప ములుగుతాది."

నేను నేర్చుకున్న పనంతా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇంటర్నెట్లో పేర్ల వ్యవహారం ఒకటుంది. మనం పేరు కొడతాం, యంత్రాలకి నంబర్లు తప్ప ఏమీ తెలియవు. పేరు చెబితే నంబరు చెప్పేవాళ్లు మధ్యలో ఉండాలి. దాన్నే డీఎన్‌ఎస్ అంటారు. కాలేజీలో దీని గురించి చదివి, పరీక్ష రాసి, మరిచిపోయాను కూడా. ఆంటీ ఆఫీసు కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటరులో, టిష్యూ ప్యాకెట్టు వేసి చోప్ చేసిన, అంటే చోటు పట్టుకున్న బల్ల దగ్గర, ఇడియప్పం తింటూ చెప్పింది. "నాయుడుగారింటికి ఎల్లాలి అనుకో. సింగపూర్‌లో అలాగ ఎల్తావేటి? బ్లాకు నంబరు తెలియాలి, ఇంటి నంబరు తెలియాలి. ఎవుర్నో అడుగుతావు. ఆ సెప్పేవోడు మూగోడైపోతే, నాయుడుగారు ఇంట్లోనే ఉన్నారు, రోడ్డు బాగానే ఉన్నాది, బస్సూ ఉన్నాది. అయినా నువ్వెల్లలేవు." తరవాత చేయి కడుక్కుంటూ, "అందుకే ముందు నంబరుతో ఎల్లి సూడు. నంబరు ఎల్లి పేరు ఎల్లకపోతే, ఊరు మునగలేదని తెలుస్తాది" అంది. ఇంత చిన్న మాట తరవాత ఎంత పెద్ద పని చేస్తుందో అప్పుడు నాకేం తెలుసు.

అంతటి మనిషికి భయమంటే ఏమిటో తెలియదనుకునేదాన్ని. ఒక సాయంత్రం బుకిట్ బటోక్ స్టేషన్లో ఇద్దరం ట్రైను కోసం నిలబడ్డాం. ఆ స్టేషను నేలకి ఎత్తుగా, రెండువైపులా తెరిచి ఉంటుంది. ఆకాశం నల్లబడి, పక్క బ్లాకు వెనక మెరిసింది. ఆంటీ గబగబా వెళ్లి బెంచీ మీద కూర్చుని చేతులు తొడల కింద పెట్టేసింది. మొహం పాలిపోయింది.

"ఏమైంది ఆంటీ?"

"ఏటీ కాలేదు. ఉరుమంటే నాకు తకుత్."

నేను నమ్మలేకపోయాను. అప్పుడు చెప్పింది. ఎస్టేటులో కూలీల ఇళ్లు ఒకే వరసలో ఉండేవట, పైన రేకులు, లోపల ఇనుప మంచాలు. కొబ్బరిచెట్ల మీద పిడుగులు పడని ఏడాది ఉండేది కాదట. ఉరిమితే చాలు, ఆ లైన్లలోని తల్లులందరూ పిల్లల్ని పిలిచి చెక్కపీటల మీద చేతులు కిందపెట్టించి కూర్చోబెట్టేవాళ్లు, కంగారులో ఏ ఇనుప మంచాన్నో నూతి గొలుసునో పట్టుకుంటారని. పక్కింటి పిల్ల ఒకసారి భయపడి తల్లి దగ్గరికి పరిగెత్తబోయి గొలుసు పట్టుకుంది. "అది మళ్లీ లెగనేదు" అంది ఆంటీ. నేను పక్కన కూర్చుని, ఏం చేయాలో తెలియక, నా చేతులూ కింద పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆవిడ నాకు బాసు కన్నా దగ్గరి మనిషైంది.

మా అమ్ముకి బడి వయసులోనే షుగరు వచ్చింది. పిల్లలకి వచ్చే రకం, రోజూ ఇన్సులిన్ పొడవాలి. ఇన్సులిన్ కాస్త ఎక్కువైనా, తిండి కాస్త తక్కువైనా, షుగరు పడిపోతుంది. పడిపోతే పిల్ల మగతలోకి జారుకుంటుంది, లేపేవాళ్లు లేకపోతే లేవకపోవచ్చు. ఈ ఒక్క వాక్యం రాయడానికి కూడా నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. దాని జబ్బకి ఒక చిన్న బిళ్ల అంటించారు. అది షుగరు చూసి దాని ఫోనుకి చెబుతుంది, ఆ ఫోను ఇంటర్నెట్ మీదుగా నా ఫోనుకి చెబుతుంది. ఎక్కడున్నా నా ఫోనులో ఆ నంబరు కనిపిస్తూ ఉండాలి. మీటింగులో, ట్రైనులో, స్నానాలగదిలో కూడా ఆ నంబరు చూసుకుంటూ బతికాను. నేనూ మా ఆయన రవీ పడమటివైపున పనిచేస్తాం, ఆయన షిప్‌యార్డులో. ఫ్లాట్ మాత్రం ఈశాన్యాన సెంగ్‌కాంగ్‌లో వచ్చింది. బడి అయ్యాక మేం వచ్చేదాకా అమ్ము ఒక్కతే ఇంట్లో ఉండేది.

ఒక భయం ఉన్నచోట రెండోది ఊరికే ఉండదు. బడి తల్లుల గ్రూపులో రోజూ ఏదో ఒక కథ, ఎవరో పిల్లకి ఎవరో ముక్కూమొహం తెలియనివాడు మెసేజి పెట్టాడని, ఇంకెవరో దొంగ సైటుకి వెళ్లిపోయారని. నేను అమ్ము ఫోనులో డేటా తీయించేశాను, కాల్స్ తప్ప బయట ఇంటర్నెట్ లేదు, ఇంట్లో వైఫై ఒక్కటే. ఆ వైఫైకి కూడా కాపలా కావాలని ఆంటీని పట్టుకున్నాను. ఆఫీసు అరలో ఉన్న ఒక పాత ఫైర్‌వాల్ పెట్టె తెచ్చి, ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని మా హాల్లో అమర్చాం. పేరు అడిగితే నంబరు చెప్పేవాళ్లలో దొంగలూ ఉంటారు కదా, అందుకని ముద్ర ఉన్న జవాబులే తీసుకోవాలని పెట్టాం. ఆ ముద్రల మీద ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చెల్లుతాయో తేదీలుంటాయి. ముద్ర సరిగ్గా లేకపోతే జవాబే వద్దు. నేను ఇంకా బిగించమన్నాను. ఆంటీ తల గోక్కుంది.

"ఇంత తాళమేస్తే నువ్వే బయటుండిపోతావమ్మా."

"పరవాలేదు ఆంటీ, నాకు నిద్ర పడుతుంది."

"సరే. ఒక్క సిన్న సందు వదుల్తాను. ఆఫీసు నుంచి నంబరుతో వొచ్చే దారి. పేరు అక్కర్నేదు." అలా అని ఆ దారి పెట్టింది. మా హాల్లో ఒక చిన్న కెమెరా కూడా అప్పుడే పెట్టాం, అందులోంచి మాట్లాడితే ఇంట్లో వినిపిస్తుంది. పని అయ్యాక ఆంటీ అమ్ముని "మకాన్! మకాన్, అమ్మూ!" అని ఇల్లంతా వినిపించేలా పిలిచింది. ఆ పిల్ల నేను పిలిస్తే పలకదు గానీ, ఆవిడ ఆ మాట అంటే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. తిండి పేరెత్తినప్పుడల్లా జబ్బు గుర్తుచేయని మనిషి ఆవిడ ఒక్కతే.

ఆ రోజు కూడా ఇలాగే మధ్యాహ్నం వాన. నేను జురాంగ్ ఈస్ట్ ఆఫీసులో ఉన్నాను. అమ్ము బడి నుంచి వచ్చిందని తెలుసు, ఫోనులో నంబరు కొంచెం కొంచెంగా దిగుతోందని తెలుసు. షుగరు లేవడానికి జ్యూసు తాగుతుందిలే అనుకున్నాను. ఇంకోసారి చూసేసరికి నంబరు లేదు. నంబరు ఉండాల్సిన చోట ఒక అడ్డగీత. ఆ గీత చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. అమ్ముకి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఎదురింటావిడ ఊళ్లో లేదు. బ్యాగు తీసుకుని గుమ్మం వైపు పరిగెత్తాను.

ఆంటీ గుమ్మంలో అడ్డం నిలబడింది. ఏమైందని అడగలేదు, నా మొహం చూసి ఫోను లాక్కుని గీత చూసింది. "ముందు అంబులెన్సుకి కొట్టు. తరవాత రవికి." కొట్టాను. వస్తామన్నారు. రవి టాక్సీ ఎక్కుతున్నానన్నాడు, వానలో మాట సగమే వినిపించింది. నేను మళ్లీ గుమ్మం వైపు తిరిగాను.

"ఎక్కడికి?"

"ఇంటికి ఆంటీ! వదలండి!"

"ట్రైనులో ఎంతసేపు ఎల్తావు? అంతసేపూ గుడ్డిదాన్లా కూకుంటావు. ఇక్కడ కూకో. ఏటి పన్జేస్తందో సెప్పు."

"ఏమీ పనిచేయట్లేదు!" అని అరిచాను.

"అది నీ తకుత్ సెప్తంది. నువ్వు సెప్పు."

ఆవిడ నా పక్క కుర్చీలో కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకుంది. కీబోర్డు నా ముందుకి నెట్టింది మోచేత్తో. నేను ఏడుస్తూనే మా ఇంటి పెట్టె నంబరు కొట్టాను. పలికింది. ఇంట్లో కరెంటుంది, లైనుంది, పెట్టె బతికే ఉంది. ఆంటీ వదిలిన సందులోంచి పెట్టె లోపలికి వెళ్లి, అక్కణ్ణించి బయట ఎక్కడో ఉన్న నంబరొకటి అడిగాను. పలికింది. పేరు అడిగాను. పలకలేదు. ఇంకో పేరు. పలకలేదు. "నంబరు ఎల్తంది, పేరు ఎల్లట్లేదు" అంది ఆంటీ. "మూగబోయింది పెట్టి. పాప కాదు." ఆ మాట వినగానే ఊపిరి వచ్చింది, వెంటనే పోయింది కూడా. పెట్టె మూగబోయిందంటే అమ్ము బాగుందని కాదు. అమ్ము గురించి మాకేమీ తెలియదని, అంతే.

తెర మీద పెట్టెని ఆర్పి వెలిగించే మీట ఉంది. నా వేలు దాని మీదికి వెళ్లింది. "తియ్యి!" అని ఆంటీ అరిచింది. నాకు తెలిసి ఆవిడ అరిచింది ఆ ఒక్కసారే. "మనకి ఉన్నది ఒక్క దారి. అది ఆరిపోయి లెగకపోతే అదీ పోతాది. సెయ్యి తియ్యి, వాణమ్మా." తీశాను. ఆఫీసు కిటికీ బయట మెరిసింది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని తెరిచి, ఇలా అడిగింది.

"ఇప్పుడు టైమెంతనుకుంటంది పెట్టి?"

చూశాను. ఎప్పటిదో జనవరి మొదటి తేదీ చూపిస్తోంది. పెట్టె లెక్కలో మా అమ్ము ఇంకా పుట్టనేలేదు. ఉరుముకి కరెంటు పోయి వచ్చింది. పాతపెట్టె లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉంది, అది తన మొదటిరోజుకి వెళ్లిపోయింది. దాని కంటికి ఇవాళ్టి ముద్రలన్నీ ఇంకా రాని కాలానివి, అందుకే ఏ జవాబూ నమ్మదు. పోనీ టైము సరిచేసుకుందామన్నా, టైము చెప్పేవాణ్ణి పేరు పెట్టే పిలవాలి. పేరు దొరకదు. టైము లేక పేరు రాదు, పేరు లేక టైము రాదు. ఆ తాళం మేమే వేశాం, అడిగి మరీ వేయించుకున్నది నేను.

"సేత్తో టైమెట్టు" అంది ఆంటీ. "నాను సెప్తాను, నువ్వు కొట్టు." ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె చెప్పింది. నా వేళ్లు రెండుసార్లు తప్పాయి. ఆవిడ విసుక్కోలేదు, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఇంత అత్యవసరంలో కూడా తనే కొట్టకుండా నా చేత పాఠం చేయిస్తోందేమిటి అని లోపల తిట్టుకున్నాను కూడా. చివరి మీట నొక్కి, పేరు అడిగాను. పలికింది.

ఫోనులో అడ్డగీత పోయి నంబరొచ్చింది. ఎర్రగా. అంత తక్కువ నంబరు నేనెప్పుడూ చూడలేదు, పక్కన బాణం ఇంకా కిందికే చూపిస్తోంది. కెమెరా తెరిచాను. మా హాలు. సోఫా. బడి యూనిఫాంలోనే అమ్ము పక్కకి తిరిగి పడుకుని ఉంది, ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. ఫోను నేల మీద, జ్యూసు పాకెట్టు దిండు పక్కన పడి ఉన్నాయి. "అమ్మూ!" అన్నాను. నా గొంతు మా ఇంట్లో మోగడం నాకే వినిపించింది. అది కదల్లేదు. అరిచాను, బతిమాలాను, తిట్టాను. కదల్లేదు. ఆంటీ నా ఫోను మీదికి వంగి, చేతులు తీయకుండానే, ఎస్టేటు లైన్లలో పొద్దుపోయేవేళ పిల్లల్ని పిలిచే గొంతుతో కేకేసింది.

"మకాన్! అమ్మూ, మకాన్! లెగు, మకాన్!"

వేలాడుతున్న చెయ్యి కదిలింది. "మకాన్!" మళ్లీ. తల ఎత్తింది, కళ్లు తెరవకుండానే. "జ్యూసు, అమ్మూ, దిండు పక్కన. తాగు." పాకెట్టు అందుకుంది. స్ట్రా గుచ్చలేకపోయింది. మూల కొరికి, సగం మెడ మీద ఒంపుకుని, సగం తాగింది. మేమిద్దరం "ఇంకా, ఇంకా" అని ఒకే గొంతుతో అంటున్నాం. కాసేపటికి తలుపు చప్పుడైంది. అంబులెన్సు వాళ్లు. మా అమ్ము తూలుకుంటూ వెళ్లి తనే గేటు తీసింది. అప్పుడు నేను తల బల్లకేసి ఆనించి ఏడ్చాను. ఆంటీ నన్ను ఓదార్చలేదు, ముట్టుకోలేదు. చేతులు కిందే పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

ఆ తరవాత కొన్నేళ్లకి, బుకిట్ బటోక్‌లో వాళ్లింట్లో, ఒంట్లో బాగోక మంచం పట్టిన ఆంటీని చూడటానికి వెళ్లాను. మందుల బిళ్లలు నేను అందిస్తుంటే తీసుకోలేకపోయింది, చేతులు వణుకుతున్నాయి. "ఇది కొత్త కాదులే" అని నవ్వింది. "ఆ రోజు నీ సేత ఎందుకు కొట్టించాననుకున్నావు?"

"నేర్పడానికి కదా?"

"నేర్పడానికి అదేటి టైము, పిచ్చిదానా? నా సేతులు ఒణికిపోతన్నాయి. ఒక పక్క ఉరుము, ఒక పక్క పాప. కొడితే తప్పు కొడతాను. నా సేతులు నువ్వు సూస్తే నువ్వూ పడిపోతావని కింద దాసుకున్నాను. నీవీ ఒణికినాయి కానీ, తల్లివి కదా, మళ్లీ మళ్లీ కొడతావని తెలుసు." నేను ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాను. అన్నేళ్లలో ఆ చేతులు పట్టుకోవడం అదే మొదలు. నాకు ధైర్యం నేర్పిన మనిషి అని ఆవిడ గురించి అందరికీ చెప్పేదాన్ని. ఆవిడ దగ్గర ధైర్యం లేదు. నాకున్నంత భయమే ఆవిడకీ ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసు, అంతే. తరవాత ఎక్కువ రోజులు ఉండలేదు.

పెట్టెలో బ్యాటరీ ఎప్పుడో మార్చాను. టైము చెప్పేవాణ్ణి ఇప్పుడు పేరుతో కాక నంబరుతోనే పిలిచేలా పెట్టాను. అమ్ము ఫోనులో డేటా ఉంది, ముక్కూమొహం తెలియనివాళ్ల గురించి అది నాకే పాఠాలు చెబుతుంది. ఇంక భయపడటానికి ఏమీ మిగల్లేదని రవి అంటాడు. నా భయం ఆ లెక్కలు వినదు. ఉరిమిన ప్రతిసారీ ఆ అడ్డగీత కళ్లముందు కనిపిస్తుంది, సోఫా మీంచి వేలాడే ఆ చెయ్యి కనిపిస్తుంది.

ఇందాక నేను జవాబు చెప్పకపోయేసరికి అమ్ము వచ్చి నా పక్కన సోఫా మీద కూర్చుంది. కాసేపు చూసి, అదీ చేతులు తొడల కింద పెట్టుకుంది. ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

"ఓకే మా. వాట్స్ వర్కింగ్?"

"కరెంటుంది" అన్నాను. "లైను దీపం వెలిగింది. పెట్టె టైము సరిగ్గానే ఉంది."

"ఐ వాజ్ స్కేర్డ్ దట్ డే, యు నో" అంది పెట్టెకేసి చూస్తూనే. "నీ వాయిస్ ఫార్ అవే ఉండె. ఆంటీ మకాన్ అన్నది మాత్రం విన్నా. ఐ థాట్, ఓ, లంచ్ లా." ఇన్నేళ్లలో ఆ రోజు గురించి అది నోరు విప్పడం ఇదే మొదలు. బయట మళ్లీ ఉరిమింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం, చేతులు మాత్రం తీయలేదు.

బల్ల మీద నా ఫోను వెలిగింది. నంబరొచ్చింది. బాగానే ఉంది గానీ పక్కన బాణం కిందికి తిరిగింది. అప్పుడు నేను చేతులు బయటికి తీశాను. వణుకుతూనే ఉన్నాయి. లేచి వంటింటి వైపు వెళ్తూ, గొంతు పెంచి పిలిచాను.

"మకాన్, అమ్మూ. మకాన్."